తుది పంక్తి వచ్చువరకు

కళ్లములో గాలివాలు చూచుకొని ధాన్యము తూర్పారబట్టు రైతునకు, తన వెనుక ఇంకను ఎంత కుప్ప మిగిలియున్నదో తెలియనక్కరలేదు. చేటనుండి జారిన ప్రతి దోసెడులోను గింజ యేదో పొల్లు యేదో ఆ క్షణముననే తేలిపోవును; ముందు తేలిన గింజను, వెనుకటి కుప్ప ముగియకముందే, ఇల్లాలు తీసికొనిపోయి దంచుకొనవచ్చును. పాఠశాల మైదానములో పిల్లలను ఎత్తు ననుసరించి నిలువబెట్టు డ్రిల్లు మాస్టారి పని అట్టిది కాదు. ముప్పదిమంది వచ్చి నిలిచినను, ముప్పదియొకటవవాడు పరుగెత్తుకొని వచ్చి చేరువరకు, వరుసకు మొదట నిలువవలసిన పొట్టివాడెవ్వడో ఆయన నిశ్చయముగా చెప్పజాలడు. ఏలయన, ఆ రావలసినవాడే అందరికన్న పొట్టివాడు కావచ్చును గదా! ఏరుట వేరు, వరుస గూర్చుట వేరు. మొదటిది ఒక్కొక్కదానిని చూచి చెప్పు తీర్పు. రెండవది సర్వమును చూచిన పిమ్మట గాని చెప్పరాని తీర్పు. కంప్యూటరులో అక్షరరూపమున నిలువచేసిన పట్టికలను వడపోయుటకును, క్రమపరచుటకును అర్ధశతాబ్దమునకు పైగా వాడుకలో నున్న చిన్న చిన్న పనిముట్ల స్వభావమంతయు ఈ భేదమునందే యిమిడియున్నది.

పట్టిక యనగా ఇచ్చట గీతలు గీసి రంగులు నింపిన వస్తువు కాదు. ఒక్కొక్క పంక్తిలో ఒక్కొక్క విషయము, పంక్తిలోని గడికిని గడికిని నడుమ ఒక కామాయో, కోలనో, టాబో. అంతకుమించి దానికి వేరు అలంకారము లేదు. మన నదులనే యెన్నికొని అట్టి ఫైలు నొకదానిని వ్రాసి చూతము.

నది,పుట్టిన రాష్ట్రము,పొడవు,కలియు చోటు
పెన్న,కర్ణాటక,597,బంగాళాఖాతము
వంశధార,ఒడిశా,254,బంగాళాఖాతము
గోదావరి,మహారాష్ట్ర,1465,బంగాళాఖాతము
తుంగభద్ర,కర్ణాటక,531,కృష్ణ
కృష్ణ,మహారాష్ట్ర,1400,బంగాళాఖాతము
నాగావళి,ఒడిశా,256,బంగాళాఖాతము
మంజీర,మహారాష్ట్ర,724,గోదావరి

పొడవులు కిలోమీటర్లలో నున్నవి. ఏడు నదులకు యంత్ర మెందుకని పాఠకుడు నవ్వవచ్చును, నవ్వవలసినదే. కాని ఏడు పంక్తులలో కనబడు చిక్కులే ఏడుకోట్ల పంక్తులలోను కనబడును, చిన్న ఫైలులోనైతే వానిని మనము కంటితో పట్టుకొనగలము.

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మర్రే హిల్ అను చోట బెల్ ప్రయోగశాలలో, 1969వ సంవత్సరమున, కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ అను ఇరువురు ఆరంభించిన యూనిక్స్ వ్యవస్థయే ఈ పనిముట్లకు పుట్టినిల్లు. అంతకు అయిదేండ్ల ముందే, 1964లో, అదే సంస్థలోని డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఒక చిన్న కాగితముపై, తోటకు నీరు పట్టు గొట్టమునకు అవసరమైనప్పుడు మరియొక తునుకను బిగించినట్లే, ఒక ప్రోగ్రాము చివర మరియొక ప్రోగ్రామును బిగించుటకు వీలుండవలెనని వ్రాసిపెట్టెను. ఆ కోరిక తొమ్మిదేండ్లు కాగితముమీదనే యుండి, 1973లో థామ్సన్ ఒక్క రాత్రిలో పని ముగించుటతో నెరవేరినది. నాటినుండి, ఒక నిలువు గీత గీసినచో దాని యెడమనున్న ప్రోగ్రాము వెలువరించు అక్షరప్రవాహము కుడినున్న ప్రోగ్రామునకు పారును. గొట్టమునకు అటునిటునున్న రెండును ఏకకాలమున నడచుచుండుననుట ముఖ్యము: మొదటిది ముగిసిన పిమ్మట రెండవది మొదలిడుట కాదు, ఏతము తోడుచుండగనే మడి తడియుచుండుట వంటిది.

వడపోత పనిముట్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది గ్రెప్. దీని పుట్టుక ముచ్చటయైనది. అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు 1787, 1788 సంవత్సరములలో మారుపేరుతో ప్రకటితములైన ఫెడరలిస్టు వ్యాసములు ఎనుబదియైదు; వానిలో కొన్నింటి కర్తృత్వము వివాదగ్రస్తము. ఆ శైలీభేదములను పరిశీలింపగోరిన లీ మెక్‌మాన్ అను సహోద్యోగికి, వ్యాసములన్నియు చేరిన ఫైలు, నాటి సంపాదక ప్రోగ్రామైన ఎడ్ లోనికి పట్టలేదు. ఏలయన ఎడ్ దిద్దవలసిన పాఠమును సమగ్రముగా చేతబట్టుకొనవలెను, నాటి పీడీపీ-11 యంత్రమో ఒక్కొక్క ప్రోగ్రామునకు 64 కిలోబైట్ల చోటును మాత్రమే చూపగలిగినది. అంతట థామ్సన్, ఎడ్‌లోని వెదకు విద్యను మాత్రము పెకలించి వేరు ప్రోగ్రాముగా చేసెను. అది ఒక పంక్తిని చదువును, కోరిన మాట దానిలో నున్నచో వెలువరించును, లేకున్న విడిచివేయును, ఆ పంక్తిని మరచి తరువాతిదానిని చేపట్టును. సంపాదకునివలె గ్రంథమంతయు నెత్తిన పెట్టుకొనకుండుటయే దాని బలము. చేతిలో ఒక్క పంక్తికి చాలినంత చోటున్నచో, ఎంతటి గ్రంథమునైనను అది సాగించును.

మన ఫైలుపై గ్రెప్‌ను ప్రయోగించి కృష్ణను వెదకుమన్నచో అది రెండు పంక్తులను తెచ్చి ముందుంచును: కృష్ణ పంక్తి యొకటి, తుంగభద్ర పంక్తి మరియొకటి. తప్పు దానిది కాదు; తుంగభద్ర కృష్ణలో కలియునని మనమే నాలుగవ గడిలో వ్రాసితిమి గదా. గ్రెప్‌నకు గడులు లేవు, అక్షరములే యున్నవి. పంక్తి ప్రారంభమున నున్న కృష్ణను మాత్రమే తెమ్మని టోపీ వంటి గుర్తు నొకదానిని చేర్చి చెప్పవచ్చును గాని, మూడవ గడిలోని సంఖ్య అయిదువందలకు మించిన నదులను తెమ్మన్నచో దాని విద్య చాలదు. అందులకు 1977లో అహో, వైన్‌బర్గర్, కర్నిఘన్ అను మువ్వురు తమ యింటిపేర్ల మొదటి అక్షరములతో ఆక్ అను చిరుభాషను నిర్మించిరి. కామా వద్ద విరువుమని చెప్పినచో అది ప్రతి పంక్తిని గడులుగా విరిచి, ఒకటవది రెండవది యని సంఖ్యలతో పిలువనిచ్చును. మూడవది 500కన్న మించినచో అని వ్రాసినంతనే పెన్న, గోదావరి, తుంగభద్ర, కృష్ణ, మంజీరలు ఫైలులోనున్న వరుసలోనే వెలికి వచ్చును. శీర్షిక కూడ వెంటపడి వచ్చును సుమా! పొడవు అను మాట సంఖ్య కానందున, ఆక్ దానిని 500 అను అంకెల రూపముతో అక్షరములుగా పోల్చి, తెలుగు అక్షరము పెద్దదని తీర్పు చెప్పును. మొదటి పంక్తిని విడిచిపెట్టుమని దానితో వేరుగా చెప్పుకొనవలెను. ఈ ఆదేశములను కంఠస్థము చేయించుట ఈ అధ్యాయపు పని కాదు గనుక, వాని స్వభావముతోనే తృప్తిపడి ముందునకు సాగుదము.

సార్ట్ అను పనిముట్టు వద్ద ప్రవాహము ఆగును. గ్రెప్ వెనుక, మొదటి పది పంక్తులు చాలునను హెడ్ అను ప్రోగ్రామును బిగించినచో, పది రాగానే హెడ్ తలుపు మూసికొనును, ఆ వార్త గొట్టము వెంట వెనుకకు పోయి గ్రెప్ కూడ పని మానివేయును. కోటి పంక్తుల ఫైలైనను తొలి పుటలతోనే కథ ముగియవచ్చును. గ్రెప్‌నకు బదులు సార్ట్ ఉన్నచో ఇట్టి లాఘవమునకు తావు లేదు. తుది పంక్తి చేరువరకు మొదటి పంక్తిని వదలజాలని డ్రిల్లు మాస్టారే యిక్కడను నిలిచియున్నాడు. కావుననే అనుభవజ్ఞులు ముందు వడపోసి తరువాత క్రమపరతురే గాని, ముందు క్రమపరచి తరువాత వడపోయరు. రాళ్లను కూడ ఎత్తు ప్రకారము నిలువబెట్టి పిమ్మట పారవేయుట యెందులకు?

చేతిలో పట్టని ఫైలును సార్ట్ ఎట్లు క్రమపరచునన్నది సహజముగా కలుగు సందేహము. జ్ఞాపకమునకు పట్టినంత ముక్కను చదివి, దానిని క్రమపరచి, డిస్కుపై తాత్కాలికముగా దాచును. మరియొక ముక్కను చదివి అట్లే దాచును. ఫైలు ముగియునప్పటికి క్రమబద్ధములైన చిన్న ఫైళ్లు కొన్ని సిద్ధమగును. అప్పుడు ప్రతిదాని తలను మాత్రమే చూచి, వానిలో చిన్నదానిని వెలువరించుచు, ఆ ఫైలులో తరువాతి పంక్తిని తలగా నిలుపుచు పోవును. ఎత్తు వారీగా ఇదివరకే నిలిచిన రెండు తరగతుల పిల్లలను ఒకే వరుసగా కలుపునప్పుడు, రెండు వరుసల మొగదలనున్న ఇరువురిని మాత్రమే పోల్చుట చాలును గదా! సమ్మేళనక్రమమని చెప్పదగిన ఈ యుక్తిని 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ రచించెను. దీని లాభము లెక్కలో కనబడును. పదిలక్షల పంక్తులలో ప్రతిదానిని ప్రతిదానితో పోల్చినచో దాదాపు యాబదివేల కోట్ల పోలికలు. ఈ మార్గమున దాదాపు రెండుకోట్లతో సరిపోవును. ఒకమారు నేనే ఒక పెద్ద ఫైలును క్రమపరచబూని, ఆ తాత్కాలిక ముక్కలకు డిస్కుపై చోటు మిగిల్చుకొనక, సగములో పని చెడి, అరపూట వృథా చేసికొంటిని. గ్రెప్ నన్నెన్నడును ఇట్టి చోటు అడుగలేదు.

యంత్రములు పంక్తులను క్రమపరచుట కంప్యూటర్లతో మొదలైనది కాదు. 1890నాటి అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రములు పొడిచిన కార్డులను ప్రవేశపెట్టెను. ఆ పరంపరలో వచ్చిన క్రమీకరణ యంత్రములు, ఒక నిలువు వరుసలోని రంధ్రమును బట్టి కార్డును ఆయా అరలోనికి పంపుచుండెడివి. మూడంకెల సంఖ్యల ననుసరించి కార్డులను పేర్చవలసినప్పుడు, వందల స్థానముతో మొదలిడవలెనని ఎవరికైనను తోచును. ఆ యంత్రముల యొద్ద పనిచేయువారు ఒకట్ల స్థానముతో మొదలిడెడివారు! ఒకట్ల ప్రకారము అరలలో పడిన కార్డులను వరుస చెడకుండ ఒక దొంతిగా కూర్చి, పదుల ప్రకారము మరల వేసి, తిరిగి కూర్చి, తుదకు వందల ప్రకారము వేసినచో, మూడవ విడత ముగియునప్పటికి దొంతి సంపూర్ణముగా క్రమబద్ధమగును. ప్రతి విడతయు అంతకుముందరి విడత కూర్చిన వరుసను చెదరగొట్టకుండుటయే దీని రహస్యము. నమ్మనివారు పేకముక్కలతో పరీక్షించుకొనవచ్చును. నేను అట్లు పరీక్షించిన పిమ్మటనే నమ్మితిని.

ఇక మన నదుల వద్దకు మరలి వత్తము. పొడవు ననుసరించి పెద్దదానినుండి చిన్నదానికి పేర్చుమని సార్ట్‌తో చెప్పి, అవి సంఖ్యలని చెప్పుట మరచినచో, అది నిఘంటుకారునివలె మొదటి అంకెతో పోలిక మొదలిడి, ఏడును చూచి మంజీరయే అన్నిటికన్న దీర్ఘమైన నదియని నిర్ణయించును. ఆపైన పెన్న, తుంగభద్ర, నాగావళి, వంశధార; వానన్నింటికిని వెనుక గోదావరి, అందరికన్న చివర కృష్ణ! వంశధారకన్న గోదావరిని చిన్నది చేసిన ఈ తీర్పులో యంత్రమునకు అజ్ఞానము లేదు. 254 అనునది 1465కన్న అక్షరక్రమమున తరువాతిదే. సంఖ్యగా చూడుమను ఒక్క గుర్తును చేర్చినచో గోదావరి తన స్థానమునకు వచ్చును. అప్పుడు శీర్షిక సంగతి యేమన్న, పొడవు అను మాటను సార్ట్ సున్నగా నెంచి పట్టిక అడుగున పడవేయును. పేర్ల ప్రకారము పేర్చినపుడైతే ఇంకను వినోదము: తుంగభద్రకును నాగావళికిని నడుమ, నది అను పేరుగల ఎనిమిదవ నది యొకటి ప్రవహించుచు కనబడును.

ఇంతకన్న సూక్ష్మమైన చిక్కు మరియొకటి కలదు; సార్ట్‌ను ఏండ్ల తరబడి వాడినవారు కూడ దానిలో పడుదురు. రాష్ట్రముల వారీగాను, ఒక్కొక్క రాష్ట్రములో పొడవైనది ముందుగాను నదులను పేర్చవలెననుకొందము. రెండవ గడి మొదటి ప్రమాణము, మూడవ గడి రెండవ ప్రమాణము అని చెప్పినచో చాలుననిపించును. కాని రెండవ గడియని మాత్రమే చెప్పినచో, సార్ట్ దానికి రెండవ గడి మొదలుకొని పంక్తి చివరివరకు అని అర్థము చెప్పికొనును. అంతట మహారాష్ట్ర, 1400 అను అక్షరమాల మహారాష్ట్ర, 1465కన్న ముందు వచ్చునని అక్కడనే తేలిపోవును. మొదటి ప్రమాణములోనే భేదము దొరకినందున రెండవ ప్రమాణమునకు వంతే రాదు. గోదావరికన్న ముందు కృష్ణ నిలుచును. రెండవ గడితో మొదలు, రెండవ గడితోనే ముగింపు అని హద్దు రెండు వైపులను గీసి చెప్పవలెను. భూమి దస్తావేజులలో తూర్పు సరిహద్దు వ్రాసి పడమర సరిహద్దు మరచిన కరణమువంటిది ఈ పొరపాటు. ఫలితము చూచుటకు సక్రమముగనే యుండుట దీనిలోని ప్రమాదము. ఒడిశా, కర్ణాటక, మహారాష్ట్ర అని రాష్ట్రములు చక్కగా నిలిచియుండగా లోపలి వరుసను పరికించువారెందరు?

క్రమపరచుటకు ఇంత శ్రమ యెందుకన్న ప్రశ్నకు, చూచుటకు అందముగా నుండుననుట చిన్న సమాధానము. పెద్ద సమాధాన మేమనగా, క్రమపరచిన ఫైలుముందు అల్పజ్ఞాపకముగల పనిముట్లు కూడ గొప్ప పనులు చేయగలవు. యూనిక్ అను ప్రోగ్రాము పునరుక్తములను తొలగించును గాని, దానికి జ్ఞాపకముండునది వెనుకటి పంక్తి ఒక్కటే. ఒకే పంక్తి మొదటను చివరను ఉన్నచో దానికి తెలియదు. సార్ట్ ముందు నడచి సమానములను ప్రక్కప్రక్కన చేర్చినచో, యూనిక్ వానిని తొలగించుటయే గాక ఏది యెన్నిమార్లు వచ్చినదో లెక్కించి చెప్పును. రెండు ఫైళ్లను ఒక గడి ఆధారముగా జతకూర్చు జాయిన్ కూడ, రెండును ఒకే క్రమములో నున్నవను నమ్మకముతో రెండింటిని సమముగా నడిపించును. ఆ నమ్మకము తప్పినచో జంటలు తప్పును.

1986లో ఒక పత్రికలో జాన్ బెంట్లీ కోరికపై, ఒక గ్రంథములో తరచుగా వచ్చు మాటలను లెక్కించు ప్రోగ్రామును డొనాల్డ్ క్నూత్ అనేక పుటలలో సొగసుగా రచించి చూపగా, విమర్శకుడైన మెక్‌ఇల్‌రాయ్ ఆరు ఆదేశములను గొట్టములతో బిగించి అదే పనిని చేసి చూపెను: మాటకొక పంక్తిగా విరుచుట, పెద్దబడి అక్షరములను చిన్నబడికి మార్చుట, క్రమపరచుట, లెక్కించుట, లెక్కల ప్రకారము మరల క్రమపరచుట, కోరినన్ని ఉంచి తక్కినవి త్రుంచుట. దీనిని క్నూత్ పరాజయముగా చెప్పువారు కలరు. ప్రోగ్రామును సాహిత్యమువలె చదివించునట్లు వ్రాయుట ఎట్లో చూపుమని ఆయనను అడిగినారే గాని పొట్టిగా వ్రాయుమని అడుగలేదు. కావున ఆ మాట నాకు న్యాయముగా తోచదు.

విభాజకముగా కామాను ఎన్నుకొనుట సుఖము గాని క్షేమము గాదు. గోదావరి పొడవును మన అలవాటు ప్రకారము 1,465 అని వ్రాసినచో ఒక గడి రెండు గడులై, ఆక్ కంటికి గోదావరి ఒక్క కిలోమీటరు నదియై, 465 అను చోట కలియును. లోపలి కామాను కాపాడుటకు గడిని ఉద్ధరణ చిహ్నములలో నుంచవలెనని ఒక కట్టుబాటు చిరకాలముగా వాడుకలో నుండి, 2005లో ఒక పత్రముగా వ్రాతకెక్కినది. కాని గడులను కత్తిరించు కట్, సార్ట్ వంటి పాత పనిముట్లకు ఆ కట్టుబాటు తెలియదు, వానికి కామా యనగా కామాయే. చిత్రమేమన్న, ఆస్కీ సంకేతమాలలోనే 28 మొదలు 31 వరకు నాలుగు స్థానములు కేవలము విభాజకములకని కేటాయింపబడినవి. ఏ వాక్యములోను రాని ఆ గుర్తులను వాడియున్నచో ఈ తగవే లేకపోవును. కాని వానికి కీబోర్డుపై మీట లేదు, కంటికి రూపము లేదు. కనబడని కంచెను కట్టుకొనువారు లేక అవి అట్లే పడియున్నవి.

తుదకు క్రమమన నేమి? కకు తరువాత ఖ రావలెనని యంత్రమునకు చెప్పినవారెవరు? యూనికోడ్‌లో ప్రతి తెలుగు వర్ణమునకును ఒక సంఖ్య కలదు: అ 3077, క 3093. వానిని బైట్లుగా వ్రాయు యూటీఎఫ్-8 పద్ధతిని 1992లో థామ్సన్, రాబ్ పైక్ కలిసి రూపొందించిరి. బైట్లను పోల్చినను వర్ణసంఖ్యలను పోల్చినను వరుస ఒక్కటే యగుట దాని సుగుణములలో నొకటి. కావున, భాషానియమముల జోలికి పోకుండ బైట్లను మాత్రమే పోల్చుమన్నచో, సార్ట్ మన పదములను కూడ చాలవరకు వర్ణమాలా క్రమముననే పేర్చును. చాలవరకే! పొడవులను తెలుగు అంకెలలో వ్రాసినచో అది వానిని సంఖ్యలుగా గుర్తింపక సున్నలుగా నెంచును. మరియు, మన ఓనమాలలో హకు తరువాత కూర్చుండు ళ, భారతీయ లిపులన్నిటికిని కలిపి కూర్చిన పట్టికలో లను ఆనుకొని, 3123వ స్థానమున కూర్చుండినది. వ 3125, హ 3129. నేను సేకరించుకొన్న పదముల పట్టికను క్రమపరచినపుడు, కలకు వెంటనే కళ వచ్చి, కవియు కసియు దాని వెనుకబడినవి. చిన్ననాడు పలకపై దిద్దిన వరుసకు అలవాటుపడిన కంటికి అది గుచ్చుకొన్నది.

దీనికి నేను చేసిన చికిత్స ఇది. ప్రతి పదమునకును ముందు మరియొక గడిని చేర్చి, అందులో అదే పదమును, ళ ఉన్న చోటనెల్ల వేరొక గుర్తునుంచి, వ్రాయించితిని. ఆ గుర్తు హకు తరువాత రావలెను. కాని కా, కి, కీలలోని గుణింతపు గుర్తులకు ముందుండవలెను, లేకున్న కళ పోయి కాకికి వెనుకపడును. ఆ గుణింతపు గుర్తులు 3134తో మొదలగును. 3129కిని 3134కిని నడుమనున్న ఆ ఇరుకు సందులో వెదకగా, 3133వ స్థానమున అవగ్రహము దొరకినది: సంస్కృత శ్లోకములలో లోపించిన అకారమునకు గుర్తుగా వ్రాయు ఆ వంకర గీత, నా పట్టికలో ఎచ్చటను లేనిది. సెడ్ అను పనిముట్టు ళలన్నిటిని అవగ్రహములుగా మార్చినది. సార్ట్ ఆ మొదటి గడిని బట్టి, తుది పంక్తి వచ్చువరకు కాచుకొని, అన్నిటిని పేర్చినది. కట్ ఆ గడిని కత్తిరించి పారవైచినది. కల, కవి, కసి, కళ, కాకి అని పదములు వెలికి వచ్చినవి. అవగ్రహము జాడ వానిలో ఎచ్చటను లేదు.